రీమాన్ డైనమో, కోర్ చార్జ్: పాత పార్ట్ ఎవరి చేతికి పోతుందో ముందే తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: పదేళ్ల స్విఫ్ట్ డీజిల్, డైనమో పోయింది. కొత్తది 14,500 అన్నారు. రీమాన్ (పాతదాన్ని విప్పి, అరిగినవి మార్చి తిరిగి తయారు చేసినది) అయితే 8,200, దానిమీద కోర్ చార్జ్ 2,500, మొత్తం 10,700. మారతహళ్లి గ్యారేజీ మెకానిక్ పాత డైనమో తనకే వదిలేయమంటున్నాడు. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య మాత్రం ఆ 2,500 తిరిగి రావాల్సిన డబ్బని చెప్పారు. ఇది కొత్త రకం టోపీయా, అసలు రీమాన్ నమ్మొచ్చా అన్నది మీ సందేహం. నేను బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్స్ కౌంటర్ నడుపుతాను. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, టర్బోలు రోజూ చేతిలో ఆడేవే. కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

మీ అన్నయ్య చెప్పిందే నిజం. కోర్ అంటే మీరు వెనక్కి ఇచ్చే పాత పార్ట్, దానికోసం కట్టించుకునే డిపాజిట్ ఈ 2,500. పాత డైనమో దుకాణానికి చేరిన రోజు అది వెనక్కి వస్తుంది. అందుకని మీరు పోల్చి చూడాల్సింది 14,500కీ 8,200కీ మధ్య తేడా. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే, వెనక్కి వచ్చే ఆ 2,500 ఎవరి జేబులో పడుతుందని. మెకానిక్ మీకు 10,700 బిల్లు రాసి, మీ పాత డైనమో దుకాణంలో ఇచ్చి 2,500 తెచ్చుకుంటే, 8,200 సరుకుకి మీరు 10,700 పెట్టినట్టే. కోర్ చార్జ్ మోసం కాదు గానీ, దాన్ని మీకు చెప్పకుండా బిల్లులో కలిపేస్తే మాత్రం మోసమే.

అలాగని ఆ మెకానిక్‌ని దొంగ అనేయకండి. ఈ ఊళ్లో చాలా గ్యారేజీలు లేబర్ తక్కువ చెప్పి, ఊడదీసిన సామాను మీద సర్దుకుంటాయి. పాత డిస్కులు, పాత క్లచ్ ప్లేట్లు, పాత బ్యాటరీ అన్నీ నెలాఖరుకి గుజిరీకి పోతాయి, ఆ డబ్బు కుర్రాళ్ల టీ ఖర్చులకి. కస్టమర్ అడగడు, వాళ్లూ చెప్పరు. పాత బ్రేక్ డిస్కు ఇనుము రేటుకి పోయేదే కాబట్టి దాని గురించి కొట్లాడటం దండగ. డైనమో సంగతి వేరు. గుజిరీలో తూకానికి వేస్తే రాగికీ అల్యూమినియంకీ వచ్చేది కొన్ని వందలే. రీమాన్ చేసేవాడికి అదే ముడిసరుకు, అందుకే దానిమీద వేలల్లో డిపాజిట్ కట్టించుకుంటున్నాడు. మెకానిక్‌తో నేరుగా మాట్లాడండి: "లేబర్ ఎంతో చెప్పు ఇస్తాను, పాతది మాత్రం నాకు కావాలి." ఆయన కన్నడ మనిషైతే "హళే డైనమో నమ్‌గే వాపస్ కొడి" అనండి చాలు. అయితే ఈ మాట బండి లిఫ్ట్ ఎక్కకముందే అనాలి. సాయంత్రం బండి తీసుకెళ్లేటప్పుడు అడిగితే, అది అప్పటికే ఎవరి బండి డిక్కీలోనో ఉంటుంది.

కోర్ అన్న మాట మనకి కొత్తగా వినిపిస్తుంది గానీ, పద్ధతి మీకు తెలిసిందే. బ్యాటరీ కొన్నప్పుడు దుకాణంవాడు రెండు రేట్లు చెబుతాడు, పాతది ఇస్తే ఒకటి, ఇవ్వకపోతే ఒకటి. ఆ తేడాయే కోర్ చార్జ్. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసం, దాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీయే చేస్తారు. 2022 ఆగస్టు 24న వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారు చేసిన కంపెనీదే. కొందరు దుకాణదారులు "మీది పూర్తిగా డెడ్ అయిపోయింది సార్, దీనికేం రాదు" అంటారు. నమ్మకండి. ధర సీసానికి, చార్జికి కాదు. డెడ్ అయినా బరువు తగ్గదు.

అమెరికాలో ఇదే పద్ధతి డైనమో, సెల్ఫ్, బ్రేక్ కాలిపర్, స్టీరింగ్ ర్యాక్, డ్రైవ్ షాఫ్ట్, ఏసీ కంప్రెసర్, టర్బో దాకా పాకింది. అక్కడ బిల్లులో కోర్ అని విడిగా ఒక లైన్ ఉంటుంది, ఎన్నాళ్లలోపు తేవాలో గడువూ ఉంటుంది. అక్కడ బండి సొంతంగా విప్పుకునేవాళ్లు ఎక్కువ, పాతది వాళ్ల చేతుల్లోనే ఉంటుంది, కాబట్టి డబ్బు ఎవరికి రావాలన్న ప్రశ్నే రాదు. మనకి మధ్యలో గ్యారేజీ ఉంది. మీ అన్నయ్యకి లేని చిక్కు మీకు వచ్చింది అందుకే.

ఇంతకీ పాతదాని కోసం ఇంత పట్టు దేనికంటే, డైనమోలో అరిగిపోయేవి కొన్నే. బేరింగులు, కార్బన్ బ్రష్షులు, బ్రష్షులు రాసుకునే స్లిప్ రింగులు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు. అల్యూమినియం బాడీకి, రోటర్‌కి, రాగి చుట్టిన స్టేటర్‌కి కాలిపోతే తప్ప ఢోకా ఉండదు, ఇంకో పదేళ్లు తిరుగుతాయి. వాటిని కొత్తగా పోత పోసి, చుట్టి చేసే ఖర్చు మిగులుతుంది కాబట్టే రీమాన్ 8,200కి వస్తోంది. పాతవి వెనక్కి రాకపోతే ఫ్యాక్టరీకి పనే ఉండదు. ఇదేమీ నిన్నా మొన్నా పుట్టింది కాదు. పారిస్ పక్కన రెనో కర్మాగారంలో 1949లోనే ఇంజన్లను ఇలా తిరిగి తయారు చేయడం మొదలుపెట్టారు. మన దగ్గర లారీ ఓనర్లనడిగితే టాటా ప్రోలైఫ్ గురించి చెబుతారు, పాత ఇంజనో క్లచ్చో ఇచ్చి కంపెనీ బాగుచేసినది తెచ్చుకునే ఏర్పాటు. కార్లవాళ్లకే ఇంకా అలవాటు కాలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, రీమాన్ నమ్మొచ్చా? ఎవరు చేశారన్న దాన్నిబట్టి. నిజమైన రీమాన్ అంటే ప్రతి ముక్కా విప్పి, కడిగి, కొలిచి, అరిగేవన్నీ పోయినా పోకపోయినా మార్చేసి, చివర్లో బెంచి మీద లోడ్ పెట్టి టెస్ట్ చేసినది. బాష్ లాంటివాళ్లు ఎక్స్‌ఛేంజ్ పేరుతో అమ్మేది ఈ రకం. కలాసిపాళ్యం సందుల్లో ఆటో ఎలక్ట్రీషియన్ చేసేది వేరే పని. ఏది పోయిందో అది మారుస్తాడు, మిగతావి పాతవే. అది తప్పేం కాదు, చెయ్యి మంచిదైతే నాలుగేళ్లు నడుస్తుంది, ధరా తక్కువే. తప్పెక్కడంటే, గుజిరీలోంచి తెచ్చిన డైనమోకి సిల్వర్ పెయింట్ కొట్టి, మంచి డబ్బాలో పెట్టి రీమాన్ అని అమ్మడంలో. మన మార్కెట్లో ఈ మూడూ ఒకే పేరుతో తిరుగుతున్నాయి.

నా కౌంటర్ మీదకి వచ్చినదాన్ని నేనెలా చూస్తానో చెబుతా, మీరూ చూడొచ్చు. ముందు బోల్టు తలలు. నిజంగా విప్పి కట్టినదైతే తలల్లో రంగు పేరుకుని ఉండదు. రంగు బోల్టు మీద నుంచి బాడీ మీదకి ఏకంగా పాకి ఉందంటే పైపైన స్ప్రే కొట్టారన్నమాట. ఆ స్ప్రే పాత లేబుల్ అంచుల మీద కూడా పడి ఉంటుంది, గోటితో గీకితే లేచి వస్తుంది. తర్వాత పుల్లీని చేత్తో తిప్పండి. మెత్తగా, చప్పుడు లేకుండా తిరగాలి. చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమంటే బేరింగు పాతదే. పుల్లీని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆడకూడదు. ఇక ఫోన్ టార్చి వేసి వెనక గాలి సందుల్లోంచి లోపలికి చూడండి. బ్రష్షుల కింద రాగి రింగులు రెండు కనిపిస్తే, వాటి మీద గాడి పడి ఉందా, నున్నగా ఉన్నాయా అన్నది చూడాలి. కొత్త బ్రష్షు పాత గాడి మీద కూర్చుంటే కొద్ది నెలల్లోనే మళ్లీ బ్యాటరీ లైటు వెలుగుతుంది. డబ్బాలో టెస్ట్ షీట్ అడగండి, ఎన్ని వోల్టులు, లోడ్ మీద ఎన్ని ఆంపియర్లు ఇచ్చిందో రాసి ఉండాలి. మీ పాతదాని మీద ముద్రించిన ఆంపియర్ల కంటే తక్కువది మాత్రం, ఎంత చవకైనా తీసుకోకండి.

నీళ్లలో మునిగిన బండి సామానుతో ఇంకాస్త జాగ్రత్త. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వైపు మునిగిపోయినప్పుడు ఎన్ని కార్లు టో అయి వెళ్లాయో మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి డైనమో బయటికి కడిగిన ముత్యంలా ఉంటుంది, లోపల బేరింగుకీ డయోడ్ ప్లేటుకీ తుప్పు మొదలై ఉంటుంది. ప్లగ్ పిన్నుల మీద పచ్చటి పూత కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

డబ్బు కట్టేముందు ఇంకొకటి, పోయింది నిజంగా డైనమోయేనా? మీరు వోల్టేజ్ లెక్క ఏదీ రాయలేదు. మల్టీమీటర్ తెచ్చుకోండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ దగ్గర 12.4 నుంచి 12.6 వోల్టులుండాలి, స్టార్ట్ చేశాక సుమారు 13.8 నుంచి 14.4. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసినా బాగా పడిపోకూడదు. ఈమధ్య కార్లలో చార్జింగ్‌ని ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) అవసరాన్నిబట్టి తగ్గిస్తుంది, కాబట్టి కొత్త మోడల్ అయితే ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. బెల్టు వదులైనా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా, టెర్మినల్ వదులుగా ఉన్నా ఇవే లక్షణాలు. పగలు బాగానే ఉండి రాత్రి పెట్టిన బండి పొద్దున స్టార్ట్ కాకపోతే డయోడ్ లీకయ్యే అవకాశం ఉంది. బ్రష్షులో రెగ్యులేటరో మాత్రమే పోయి ఉంటే, మంచి ఎలక్ట్రీషియన్ మీ డైనమోనే తక్కువలో బాగుచేసి ఇస్తాడు. అప్పుడు రీమానూ వద్దు, కోరూ వద్దు. ఒక సెల్ షార్టయిన బ్యాటరీని అలాగే ఉంచి డైనమో మారిస్తే మాత్రం, కొత్తది పగలంతా ఫుల్ లోడ్ మీద పనిచేసి అదీ కాలిపోతుంది. రెండూ కలిపే టెస్ట్ చేయించండి.

డైనమో, సెల్ఫ్ వరకు రీమాన్ కొనమని ధైర్యంగా చెబుతాను. మిగతావాటికి ఒక్కోదానికి ఒక్కో మాట. మీది డీజిల్ కాబట్టి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది) గురించి తెలిసి ఉండటం మంచిది, రేపో మాపో ఆ ఖర్చూ ఎదురవుతుంది. దాని షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది, సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ. మధ్యలో ఉండే కార్ట్రిడ్జ్‌ని మెషిన్ మీద బ్యాలెన్స్ చేయకుండా బిగించిన టర్బో ఈలలు వేస్తూ కొన్నాళ్లు తిరిగి, ఆయిల్ కక్కి చస్తుంది. బ్యాలెన్స్ రిపోర్టు లేని రీమాన్ టర్బో ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. అంతకంటే ముఖ్యం, పాతది ఎందుకు పోయింది? ఆయిల్ పైపులో మసి గడ్డకట్టి ఆయిల్ అందక పోయి ఉంటే, అదే పైపుకి కొత్త టర్బో తగిలించినా అదే గతి. అప్పుడు వారంటీకి పోతే, షాఫ్ట్ మీద వేడికి పడిన నీలిరంగు చూపించి ఆయిల్ అందలేదని వెనక్కి పంపేస్తారు. పైపు మార్చి, సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించి కడిగించి, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేసిన బిల్లులు దాచుకోండి. టర్బో కోర్ డబ్బు కూడా పూర్తిగా వస్తుందని అనుకోకండి. హౌసింగ్ పగిలినా, రెక్కలు విరిగినా కోత పెడతారు.

ఇంజెక్టర్ల విషయంలో ఈ ఊరివాళ్లు అదృష్టవంతులే. 1951లో పుట్టిన మైకో కంపెనీ దశాబ్దాలుగా ఇక్కడి ఆడుగోడిలో ఉంది, ఇప్పుడు బాష్ అంటున్నాం గానీ పాత మెకానిక్‌లకి ఇంకా మైకోనే. డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు విప్పడం తెలిసిన చేతులు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడి మీద పనిచేసే వస్తువు, టెస్ట్ బెంచి కాగితం లేకుండా కొనకండి. ఒక్కో ఇంజెక్టర్ మీద ఉండే కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి, కింద రాగి వాషర్ కొత్తది వేయాలి. కోడ్ ఎక్కించకుండా వదిలేసి "బండి ఐడిల్‌లో వణుకుతోంది, రీమాన్ మంచిది కాదు" అనేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు.

ఏసీ కంప్రెసర్ రీమాన్ వేస్తే లైన్లు ఫ్లష్ చేయించి డ్రయర్ మార్చండి, లేకపోతే పాతదాని ఇనుప పొడి కొత్తదాన్ని తినేస్తుంది. ఎయిర్‌బ్యాగు, సీట్ బెల్టు, బ్రేక్ హోస్‌లలో రీమాన్, సెకండ్‌హ్యాండ్ అన్న ఊసే వద్దు.

కోర్ వెనక్కి ఇచ్చేటప్పుడు దుకాణాలు ఏం చూస్తాయో కూడా చెబుతాను, ఎందుకంటే నేనూ అదే చూస్తాను. అదే మోడల్ పార్ట్ అయి ఉండాలి, అన్ని ముక్కలూ ఉండాలి, బాడీ పగలకూడదు, లోపల రాగి తీసేసి ఉండకూడదు. ఈ చివరిది నవ్వులాట కాదు, స్టేటర్ తీగ లాగేసి ఖాళీ బాడీ బిగించి తెచ్చేవాళ్లున్నారు. అందుకే "బాగవుతుందేమో చూద్దాం" అని ఎవరిచేతా పాతది విప్పించకండి. పుల్లీ గురించి ముందే అడగండి. కొన్ని రీమాన్ డైనమోలు పుల్లీ లేకుండా వస్తాయి, మీ పాత పుల్లీ తీసి దీనికి వేయాలి. అప్పుడు పుల్లీ లేని కోర్‌ని ఒప్పుకుంటామని బిల్లు మీదే రాయించుకోండి. లేకపోతే తర్వాత "పుల్లీ ఏది?" అని అక్కడా కోస్తారు. గడువెంతో, డబ్బు నగదుగా ఇస్తారా లేక ఇంకో సరుకు కొనాలా అన్నదీ రాతలో ఉండాలి. ఊడదీయకముందు పాతదాని మీది నంబర్ ఫోటో తీసుకోండి. కొత్తది వచ్చిన డబ్బాలోనే పాతది పెట్టి ఇస్తే పేచీ ఉండదు. కోర్ లేని సరుకైతే డబ్బా చింపి పారేయండి. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలు కొనేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, వాటిలో రేపు ఏం పెట్టి అమ్ముతారో వేరే చెప్పక్కర్లేదు.

బిల్లు గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాలన్నింటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. తిరిగి ఇచ్చే డిపాజిట్‌ని ధర కింద సర్దుకునేదాకా చట్టం దాన్ని సరుకు ధరగా లెక్కేయదు. కాబట్టి 8,200 ఒక లైన్లో, 2,500 "తిరిగి ఇవ్వదగిన కోర్ డిపాజిట్" అని ఇంకో లైన్లో ఉండాలి, పన్ను మొదటిదాని మీదే. పాతది తీసుకుని ఆ మేరకు ధర తగ్గించే ఎక్స్‌ఛేంజ్ పద్ధతి అయితే లెక్క వేరు, అక్కడ పాతదాని విలువ కూడా కలిపి పన్ను పడుతుంది. జీఎస్టీ రూల్స్‌లోనే ఉదాహరణ ఉంది: పాత ఫోను ఇచ్చి 20,000కి కొన్నది, ఇవ్వకపోతే 24,000 అయితే, పన్ను 24,000 మీద. కాబట్టి బ్యాటరీ బిల్లులో పన్ను ఎక్కువ పడినట్టు కనిపిస్తే దుకాణంవాడితో గొడవకి దిగేముందు ఇది గుర్తుంచుకోండి. కోర్ వెనక్కి ఇచ్చాక కూడా డబ్బు ఇవ్వకపోతే 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, చెప్పొచ్చు. అయితే రాతలో లేని డిపాజిట్ గురించి వాళ్లూ చేయగలిగింది తక్కువే. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మార్చిన పార్ట్ అయితే పాతది మీ ఇష్టం కాదు, సర్వేయర్ చూసి తేల్చేదాకా ఎవరికీ ఇవ్వకండి. మామూలుగా అరిగి పోయిన డైనమోకి ఎలాగూ క్లెయిమ్ రాదనుకోండి.

మీ అన్నయ్య అక్కడి నుంచి ఒకటి పంపుతానన్నారని చివర్లో రాశారు. వద్దు. స్విఫ్ట్ డీజిల్ అక్కడ అమ్మలేదు, సరిపోయేది దొరకదు. దొరికే కారే అయినా కోర్ మళ్లీ డాలస్ కౌంటర్‌కి చేరాలి, వారంటీ కూడా ఆ కౌంటర్‌లోనే.

మీ స్థానంలో నేనుంటే, వోల్టేజ్ చూసి డైనమోయే అని తేలాక, టెస్ట్ షీటూ కనీసం ఆరు నెలల వారంటీ రాతలో ఇస్తే రీమానే తీసుకుంటాను. పదేళ్ల బండికి 14,500 పెట్టాల్సిన పని లేదు. షీట్ లేదు, వారంటీ నోటిమాటే అంటే, ఆ 8,200 కూడా దండగ. మీ పాతదాన్నే కలాసిపాళ్యంలో నమ్మకమైన ఎలక్ట్రీషియన్ చేత బేరింగులు, బ్రష్షులు, రెగ్యులేటర్ మూడూ మార్పించేయండి.

పాత డైనమో మీది లేబుల్, పుల్లీ రెండూ కనపడేలా ఫోటో ఇక్కడ పెట్టండి. ఫోన్ నంబర్లు, బండి నంబర్ కనిపించకుండా చూసుకోండి. ఎన్ని ఆంపియర్లదో, పుల్లీ మార్చుకోవాల్సి ఉంటుందో లేదో చూసి చెబుతాను.